దొంగిలించాను అనరు, వాడుకున్నాను అంటారు

మీ ప్రశ్న మూడుసార్లు చదివాను. సహకార సంఘంలో 18 ఏళ్లు క్యాషియరుగా చేసిన మీ బావగారు, ఊళ్లో నలుగురూ మంచివాడని చెప్పుకునే మనిషి, సభ్యుల డిపాజిట్లలోంచి 11 లక్షలు వాడుకున్నారని కేసై ఇప్పుడు రిమాండులో ఉన్నారు. అరెస్టుకు ముందు రోజు మీ అక్కగారితో "నెలాఖరుకి సర్దేద్దామనుకున్నా" అన్నారట. ఆయన మొదటినుంచీ అలాంటివాడేనా, మా కళ్లే మూసుకుపోయాయా అని ఒకటి అడిగారు. ఈ బుద్ధి రక్తంలో ఉంటుందా, పన్నెండేళ్ల మా మేనల్లుడికీ వస్తుందా అన్నది రెండోది. బయటికొచ్చాక మళ్లీ చేస్తారా అన్నది మూడోది. చివర్లో "అసలు మనుషులు నేరాలు ఎందుకు చేస్తారండీ" అని తగిలించారు. ఆ నాలుగోదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లు కనపడితే దూరంగా ఉండండి. జేబులు కొట్టేవాడికీ, గట్టు తగాదాలో గొడ్డలి ఎత్తినవాడికీ, దొంగ లెక్కలు రాసినవాడికీ కలిపి ఒకే కారణం ఉండదు. కానీ ముగ్గురిలోనూ నేను చూసిన ఉమ్మడి సంగతి ఒకటుంది. మీ బావగారి విషయం తేలేది కూడా అక్కడే కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. 22 ఏళ్లు జైళ్లలో రిమాండు ఖైదీలతో, శిక్ష పడ్డవాళ్లతో మాట్లాడటమే నా ఉద్యోగం. కింద వచ్చే మనుషుల వివరాలన్నీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

చేరిన కొత్తలో సంచీ నిండా ప్రశ్నపత్రాలు మోసుకెళ్లేదాన్ని. కోపం ఎంత, భయం ఎంత, చిన్నప్పుడు ఎవరు కొట్టారు, అన్నింటికీ మార్కులు. ఒకరోజు బ్యారక్ దగ్గర డ్యూటీలో ఉన్న పెద్ద వయసు వార్డరు ఆ కాగితాలు చూసి నవ్వాడు. "ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేదమ్మా. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి" అన్నాడు. వెటకారమనుకున్నాను. ఆ తర్వాత ఇరవయ్యేళ్లూ నేను విన్నది అదే.

భార్యను చంపిన కేసులో యావజ్జీవం పడ్డ ఒకాయన నాతో అన్న మాటలు ఇవి: "మాటా మాటా పెరిగింది. చెయ్యి లేచింది. దెబ్బ తగిలింది. పోయింది." నాలుగు వాక్యాలు. ఒక్కదాంట్లోనూ 'నేను' లేదు. మన తెలుగు ఇందుకు బాగా సాయపడుతుంది. 'కొట్టాను' పక్కనే 'దెబ్బ తగిలింది' ఉంటుంది. 'తగలబెట్టాను' పక్కనే 'అంటుకుంది' ఉంటుంది. 'తీశాను' అనక్కర్లేదు, 'వాడుకున్నాను' అంటే సరిపోతుంది. 'తప్పు చేశాను' అనక్కర్లేదు, 'తప్పు జరిగింది' ఉందిగా. కర్త మాయమైనా వాక్యం ఏమాత్రం ఒరగకుండా నిలబడుతుంది.

మొదట్లో ఇవి కోర్టు కోసం చెప్పే అబద్ధాలనుకున్నాను. కానీ అప్పీళ్లన్నీ అయిపోయి, ఇక దాచుకుని బాగుపడేదేమీ లేనివాళ్లు కూడా అలాగే చెప్పేవాళ్లు. రాత్రి నిద్ర పట్టడానికి వాళ్లకు వాళ్లు చెప్పుకునే మాటలవి. ఇంకా కొన్నేళ్లకు గాని అసలు సంగతి నాకు తట్టలేదు. చాలామందిలో ఆ వాక్యం నేరం తర్వాత పుట్టింది కాదు. ముందే తయారై ఉంది. దాని మీద కాలు వేసే అవతలికి దాటారు.

అమెరికాలో గ్రేషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1957లోనే ఈ సంగతి రాశారు. నేరం చేసేవాళ్ల నీతే వేరని అప్పట్లో గట్టి నమ్మకం. వీళ్లు ఒప్పుకోలేదు. దొంగతనం తప్పని దొంగకూ తెలుసు, తన ఇంట్లో చెంబు పోతే అందరికంటే గట్టిగా అరిచేది అతనే. నీతి ఎక్కడికీ పోదు. ఈ ఒక్కసారికి, ఈ ఒక్కచోట అది వర్తించదని మనిషి తనకు తాను ఒక మినహాయింపు రాసుకుంటాడు. ఆ మినహాయింపులను వాళ్లు ఐదు రకాలుగా విడదీశారు. శాస్త్రం పేర్లు వద్దు గాని, బ్యారక్‌లో వినపడే మాటల్లో చెబుతాను. "నా చేతిలో ఏముందమ్మా, టైం బాగోలేదు." "వాళ్లకేం పోయింది, ఇన్సూరెన్సు వస్తుంది." "వాడే ముందు నా గట్టు జరిపాడు, వాడికి అలాగే కావాలి." "పోలీసులు తినట్లేదా, లీడర్లు తినట్లేదా, నేనొక్కణ్నే కనపడ్డానా?" "మావాళ్ల కోసం చేశాను, నా సొంతానికి ఒక్క రూపాయి వాడలేదు." ఐదూ వచ్చేశాయి. ఆ ఐదోదాన్ని ఫ్యాక్షన్ కేసులో వచ్చినవాడి నోటా విన్నాను, చెల్లెలి పెళ్లికి ఆఫీసు డబ్బు తీసిన గుమాస్తా నోటా విన్నాను. ఒకరినొకరు చూస్తే అసహ్యించుకునే మనుషులు, మాట మాత్రం ఒకటే.

ఇక మీ బావగారు. నమ్మి చేతికిచ్చిన సొమ్ము మళ్లించిన కేసులు (ఐపీసీలో 409 సెక్షన్ అనేవాళ్లు, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్‌లో 316(5)) మామూలు దొంగతనాల్లాంటివి కావు. డొనాల్డ్ క్రెస్సీ అనే అమెరికన్ పరిశోధకుడు ఇలాంటివాళ్లను జైళ్లలో కలిసి 133 మందితో మాట్లాడి 1953లో తన పరిశీలన అచ్చువేశాడు. ఆయన ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది: అదే గల్లాపెట్టె, అదే జీతం, పక్క సీటువాడు తియ్యలేదు, ఇతనెందుకు తీశాడు? ఆయనకు మూడు సంగతులు కలిసి కనపడ్డాయి. ఎవరికీ చెప్పుకోలేని ఒక కష్టం. తీసినా వెంటనే బయటపడదని ఉద్యోగం వల్ల తెలిసిన కిటుకు. ఇది దొంగతనం కాదని చెప్పడానికి ఒక మాట. ఇందులో మొదటిదాన్ని జనం 'డబ్బు అవసరం' అని తప్పుగా అర్థం చేసుకుంటారు. అప్పు ఎంతన్నది లెక్కలోకి రాదు. ఎవరితోనూ చెప్పుకోలేకపోవడమే అందులో విషం. ఆసుపత్రి బిల్లు ఐదు లక్షలైతే బంధువుల్ని అడుగుతాం. ఆన్‌లైన్ రమ్మీలో పోయినవి ఐదు లక్షలైతే? చీటీ పాడి ఆ డబ్బు షేర్లలో పెట్టి పోగొట్టుకుంటే? ఇంట్లో తెలియని ఇంకో సంసారముంటే?

నేను చూసిన క్యాషియర్లందరి కథా ఇంచుమించు ఒకేలా మొదలవుతుంది. మొదటిసారి తీసేది చిన్న మొత్తం. దానికో గడువు పెట్టుకుంటారు, పదో తారీకుకి పెట్టేద్దామని. చాలామంది నిజంగానే పెట్టేస్తారు కూడా! అసలు ప్రమాదం అదే. పెట్టేశాడు కాబట్టి అది దొంగతనం కాదు, సర్దుబాటే అని రుజువైపోయింది. రెండోసారికి చెయ్యి వణకదు. ఒకాయన ఆరేళ్లపాటు తీసిన ప్రతి పైసా ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీతో సహా రాసుకున్నాడు. చివరికి పోలీసులకు సాక్ష్యంగా దొరికింది ఆ పుస్తకమే. దొంగిలించినవాడు పద్దు ఎందుకు రాస్తాడు చెప్పండి? అప్పు తెచ్చుకున్నవాడు రాస్తాడు. ఆయన తన దృష్టిలో ఆరేళ్లూ అప్పులోనే ఉన్నాడు, దొంగతనంలో కాదు.

మీరు రాసిన ఒక వివరం దగ్గర ఆగిపోయాను. బావగారు ఐదారేళ్లుగా ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదని, సంఘంలో ఆ మాట మెచ్చుకుంటూ చెప్పేవారని. సెలవు పెడితే ఆ సీట్లో ఇంకొకరు కూర్చుంటారు, పుస్తకాలు చూస్తారు. అందుకే రిజర్వు బ్యాంకు, బ్యాంకుల్లో సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్లు ఏటా కనీసం 10 పనిదినాలు వరసగా, అదీ ముందు చెప్పకుండా, సెలవులో ఉండి తీరాలని నిబంధన పెట్టింది. సెలవు పెట్టనివాళ్లంతా సొమ్ము తిన్నట్టు కాదు. మీ బావగారి మీద కేసు కూడా ఇంకా రుజువు కాలేదు. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మంది దాకా ఇలా విచారణ తేలనివాళ్లే, ఆ సంగతి మరవొద్దు. రుజువైతే ఇలా జరిగి ఉండొచ్చని మాత్రమే నేను చెబుతున్నాను.

హైదరాబాదులో నా వయసువాళ్లకు ఇంకా గుర్తుండే సంగతి సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖను కొత్తగా చేరిన కౌన్సెలర్లకు పాఠంగా చదివి వినిపించేదాన్ని. కంపెనీ లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఒప్పుకున్న లేఖ అది. నిజమైన లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య కొద్దిపాటి తేడాగా మొదలైంది, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయింది అని ఉంటుంది అందులో. చూశారా, తేడా దానంతటదే మొదలైంది, దానంతటదే పెరిగింది. మా వార్డరు విని ఉంటే నవ్వేవాడు. తానుగానీ ఎండీగానీ కంపెనీ నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదన్న మాట కూడా ఆ లేఖలోనే ఉంది. పులి మీద స్వారీలా అయిందనీ, దాని నోట పడకుండా ఎలా దిగాలో తెలియలేదనీ రాసిన వాక్యం తర్వాత జనం నోళ్లలో నానింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ల జైలు వేసింది, ఆ తర్వాత నెలలో అప్పీలు మీద శిక్ష అమలు ఆగింది. వేల కోట్ల సంగతి పక్కన పెట్టండి. "నెలాఖరుకి సర్దేద్దామనుకున్నా" అన్న మాటకూ ఆ లేఖకూ చుట్టరికం ఉంది.

ఆడవాళ్ల జైల్లో చీటీల కేసులో వచ్చిన ఒకావిడ ఉండేది. 'మోసం' అనే మాట వింటే కోపం వచ్చేది. "రొటేషన్ ఆగిపోయిందమ్మా" అనేది. ఒక చీటీ డబ్బు తీసి ఇంకో చీటీకి కట్టడం, దానికి ఆమె భాషలో పేరు రొటేషన్. ఇంకో మూణ్నెల్లు ఆగి ఉంటే అందరికీ ఇచ్చేసేదాన్నని, అంతా ఒక్కసారి మీద పడటం వల్లే మునిగిపోయిందని, పైగా డబ్బు పోగొట్టుకున్నవాళ్ల మీదే నిష్ఠూరం. అరెస్టుకు ముందు తన నల్లపూసలు అమ్మి ఇద్దరు ముసలమ్మలకు డబ్బు తిరిగిచ్చిందని తర్వాత తెలిసింది. ఆవిడ మంచిదా చెడ్డదా అని నన్నడిగితే ఇప్పటికీ తడుముకుంటాను.

అందుకే మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: మీ కళ్లు మూసుకుపోలేదు. ఆయనలో మీరు చూసిన మంచితనం వేషం కాకపోవచ్చు. ఇంకో మాట కూడా చెబుతాను, మింగుడు పడకపోతే వదిలేయండి. ఆ మంచి పేరే ఆయన్ని ఇరికించి ఉండొచ్చు. ఊళ్లో తాగుబోతుగా పేరుపడ్డవాడు అప్పులపాలైతే నలుగురి దగ్గరా చెయ్యి చాస్తాడు, అతనికి పోయే పరువేమీ లేదు. మంచివాడు చాచలేడు. గల్లాపెట్టె ఏమీ అడగదు కదా.

రక్తం సంగతి. ఇది పాత ప్రశ్న, దీనికిచ్చిన తప్పు జవాబు మన ప్రాంతంలోనే ఎన్నో బతుకుల్ని నలిపేసింది. ఇటలీలో చేసారే లోంబ్రోసో అనే డాక్టరు ఒక దొంగ పుర్రె వెనక భాగంలో చిన్న గుంట చూసి, నేరస్తులు పుట్టుకతోనే వేరే జాతి మనుషులని తీర్మానించి 1876లో పుస్తకం అచ్చువేశాడు. దవడలు ఇలా ఉంటాయి, చెవులు ఇలా ఉంటాయి అని కొలతలు. 1913లో చార్ల్స్ గోరింగ్ అనే ఇంగ్లండు జైలు డాక్టరు 3,000 మందికి పైగా ఖైదీల్ని కొలిచి, మామూలు జనంతో పోల్చి, అలాంటి ప్రత్యేకమైన ఆకారమేదీ లేదని తేల్చాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. పుట్టిన కులాన్ని బట్టి మనుషుల్ని నేరస్తులుగా చిట్టాకెక్కించే చట్టాన్ని తెల్లవాళ్లు 1871లో తెచ్చారు. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ పర్యవేక్షణలో అక్కడ ఉంచారు. ఊరికి మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. పసిపిల్లాడు కూడా పుట్టీ పుట్టగానే అనుమానితుడే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది గాని, ఆ పేరు ఊరిని వదల్లేదు. 1970ల నుంచి సంఘ సేవకురాలు హేమలత లవణం లాంటివాళ్లు అక్కడ సంస్కరణ కోసం పనిచేశారు. ఊళ్లో చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఎందరో వచ్చినా సినిమావాళ్లకు మాత్రం ఇప్పటికీ స్టువర్టుపురం అంటే దొంగే. జైలు మాన్యువళ్లలో ఇలాంటి జాతులవాళ్లను అలవాటుపడ్డ నేరస్తులుగా చూసే రూల్సును సుప్రీంకోర్టు కొట్టేసింది ఎప్పుడనుకుంటున్నారు? 2024 అక్టోబరులో.

పాత నేరస్తుల జాబితాలో పేరున్న ఒక పెద్దాయన నాతో అన్నాడు: "చేసినా పట్టుకెళ్తారు, చెయ్యకపోయినా పట్టుకెళ్తారు. చేస్తే నాలుగు డబ్బులన్నా మిగులుతాయి కదమ్మా." లెక్కలో తప్పు పట్టలేకపోయాను.

అయితే వంశపారంపర్యం బొత్తిగా లేదా అంటే, కొంత ఉంది. డెన్మార్కులో దత్తత వెళ్లిన 14,000 మందికి పైగా పిల్లల రికార్డులను సార్నాఫ్ మెడ్నిక్ బృందం పరిశీలించి 1984లో ప్రచురించింది. కన్నవాళ్లకూ పెంచినవాళ్లకూ ఎవరికీ శిక్షలు లేని మగపిల్లల్లో 13.5 శాతం మందికి పెద్దయ్యాక ఏదో ఒక నేరంలో శిక్ష పడింది. కన్నవాళ్లలో ఒకరికి శిక్ష పడి, పెంచినవాళ్లకు పడని చోట అది 20 శాతం. తేడా ఉన్న మాట నిజమే. కానీ రెండో అంకెను తిప్పి చదవండి: నేరం చేసినవాళ్లకు పుట్టినా నూటికి 80 మంది ఏ శిక్షా లేకుండా పెద్దయ్యారు. పైగా ఈ సంబంధం ఆస్తి నేరాల్లో కనపడింది గాని, హింసతో కూడిన నేరాల్లో కనపడలేదు.

న్యూజిలాండులోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచీ ఇప్పటిదాకా గమనిస్తున్నారు. మెదడు రసాయనాల మీద పనిచేసే ఒక జన్యువు రకాన్నీ, చిన్నప్పుడు పడ్డ దెబ్బల్నీ కలిపి 2002లో అక్కడ ఒక పరిశీలన వచ్చింది. ఆ జన్యువు బలహీనంగా ఉండి, ఇంట్లో హింస కూడా అనుభవించిన మగపిల్లల్లో పెద్దయ్యాక దూకుడు ఎక్కువ కనపడింది. ఆ రకం జన్యువు ఉన్నా ఇంట్లో ప్రేమగా పెరిగినవాళ్లలో అలాంటిదేమీ లేదు. ఒక్క జన్యువు మీద ఇంత భారం వేయడం సరికాదని తర్వాత చాలామంది అన్నారు, నేనూ అంటాను. కానీ గింజ ఒక్కటే చాలదు, నేలా కావాలి అన్నంతవరకూ అందరూ ఒప్పుకుంటారు.

కాబట్టి మేనల్లుడి రక్తం గురించి దిగులు మానేసి, వాడికి ఇంట్లో ఏం చెప్పారో చూడండి. జైలుకెళ్లిన తండ్రుల పిల్లలకు మన ఇళ్లలో చెప్పే అబద్ధం ఒకటుంది, "నాన్న గల్ఫ్ వెళ్లాడు" అని. బళ్లో ఎవరో ఒకరు నిజం చెబుతారు, అదీ ఎక్కిరిస్తూ. అప్పుడు పిల్లాడికి రెండు సంగతులు తెలుస్తాయి: నాన్న తప్పు చేశాడు, అమ్మ అబద్ధం చెప్పింది. పన్నెండేళ్లవాడికి అర్థమవుతుంది. "సంఘం డబ్బు తీశాడంటున్నారు, కోర్టు చూస్తోంది, నీకు మేమున్నాం" అని చెప్పండి. "నీ బాబు బుద్ధులే వచ్చాయి" అన్న మాట మాత్రం, వాడు పెన్సిలు దొంగిలించినా సరే, ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. అదొక్కటి పట్టుబట్టి చూసుకోండి.

మిగతా రకాల నేరస్తుల గురించి త్వరగా చెప్పేస్తాను. జాలి, భయం, సిగ్గు బొత్తిగా లేనివాళ్లు ఉంటారు. కెనడాకు చెందిన రాబర్ట్ హేర్ వాళ్లను గుర్తించడానికి 20 అంశాల కొలమానం తయారుచేశాడు, 40 మార్కులకు 30 దాటితే సైకోపాత్ అంటారు. జైళ్లలో కూడా వాళ్లు కొద్దిమందే. నా 22 ఏళ్లలో ఒక్కసారి చూస్తేనే వెన్నులో చలి పుట్టిన మనుషులు బహుశా పదిమంది లోపు. మతిస్థిమితం లేక చేసినవాళ్లు మరీ తక్కువ. వాళ్లకు చట్టమే (బీఎన్‌ఎస్ సెక్షన్ 22) రక్షణ ఇస్తుంది. మానసిక జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు, దెబ్బలు తినేవాళ్లే ఎక్కువ. టీవీల్లో ప్రతి హంతకుణ్నీ 'సైకో' అనడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మందు సంగతి వేరు. మత్తులో చూపు ఇరుకవుతుంది, ఎదుటి మనిషి అన్న మాట ఒక్కటే కనపడుతుంది, రేపు కనపడదు. అది నిజం. "మందు మీద ఉన్నానమ్మా" అనేది సాకు, అదీ నిజమే. తాగినప్పుడు పైఅధికారిని ఎందుకు కొట్టలేదు, భార్యనే ఎందుకు కొట్టావు అని అడిగితే జవాబు చెప్పినవాళ్లు లేరు.

ఆ మినహాయింపు మాటలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఎవరూ ఒంటరిగా కనిపెట్టరు, అవి మన చుట్టూ తయారుగా ఉంటాయి. కొన్ని మన పేపర్లే అచ్చువేసి ఇస్తాయి. 'క్షణికావేశం' చూడండి. నేను ఫైలు చదివిన క్షణికావేశాల్లో కొన్నింట్లో కత్తి నాలుగు రోజుల ముందు సంతలో కొన్నది. ఒకదాంట్లో పెట్రోలు సీసా రెండు రోజులు సైకిలు బుట్టలో తిరిగింది. నిజంగా ఒక్క క్షణంలో చెయ్యి లేచినవాళ్లను కూడా చూశాను; విచిత్రమేమంటే అందరికంటే త్వరగా "నేనే చేశాను" అనేది వాళ్లే. అమ్మాయి ముఖం మీద యాసిడ్ పోసినవాడు పేపర్లో 'ప్రేమోన్మాది' అవుతాడు, అందులో ప్రేమ ఉందన్నట్టు. కన్నకూతుర్నో అల్లుణ్నో చంపించినవాడిది 'పరువు హత్య'. పరువు అనేది హంతకుడి వాంగ్మూలం, దాన్ని తీసి మనం హెడ్డింగు పెట్టాం. అలాంటి కేసులో వచ్చిన ఒక తండ్రి ఆ పేపరు కటింగు మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. సర్టిఫికెట్ లాగా.

మూడో ప్రశ్న, మళ్లీ చేస్తారా? అమెరికాలో బాస్టన్ ప్రాంతపు 500 మంది నేరబాలురను గ్లూక్ దంపతులు చాలాకాలం గమనించారు. తర్వాత శాంప్సన్, లాబ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్లలో మిగిలినవాళ్లను 70 ఏళ్ల వయసుదాకా వెతికి పట్టుకున్నారు. దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానేశారు. కుదురైన పెళ్లి, నిలకడైన ఉద్యోగం, సైన్యంలో చేరడం లాంటివి చాలామందిని మళ్లించాయి. శిక్ష విషయంలో కూడా ఎన్నేళ్లు వేశారన్నదానికంటే పట్టుబడటం ఖాయమన్న నమ్మకమే మనిషిని ఎక్కువగా ఆపుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మీ బావగారి వయసుకి, ఇక డబ్బు సీట్లో ఎవరూ కూర్చోబెట్టని పరిస్థితికి, అదే నేరం మళ్లీ జరగడం తక్కువ.

నా భయం వేరేచోట ఉంది. పొలం అమ్మి మొత్తం ఒకేసారి కట్టేసి, పరువు కోసం గుట్టుచప్పుడు కాకుండా ముగించేద్దామని మీ ఇంట్లో అనుకుంటున్నట్టు రాశారు. కట్టండి, సభ్యుల డబ్బు వాళ్లకు చేరాలి. కానీ ఆ 11 లక్షలు ఎక్కడికి పోయాయో మీలో ఎవరికీ ఇంకా తెలియదు, ఎవరూ అడగలేదు. ఎవరితోనూ చెప్పుకోలేని ఆ కష్టం అలాగే లోపల ఉంది. దాన్ని బయటికి తియ్యకుండా డబ్బు మాత్రం కట్టేస్తే, 'సర్దుబాటు' అన్న ఆయన మాటకు మీ పొలంతో ముద్ర వేసినట్టే. రెండు కుటుంబాల్లో ఇలా చూశాను. ఒకదాంట్లో రమ్మీ ఆగలేదు, ఈసారి భార్య సంతకాలు ఫోర్జరీ అయ్యాయి.

ములాఖత్‌కు వెళ్లండి, ఆధార్ తీసుకెళ్లండి. అక్కడ కేసు సంగతులు ఎత్తొద్దు. లాయరు లేనిచోట ఆ మాటలు వద్దు, పక్కన పదిమంది వింటుంటారు. పిల్లాడి చదువు, అక్క ఆరోగ్యం, పొలంలో పని, అంతే. బెయిలు వచ్చి ఇంటికొచ్చాక ఒకరోజు మీరొక్కరే కూర్చుని అడగండి. "ఎందుకు చేశావు బావా" అనొద్దు. 'ఎందుకు' అంటే ఆయన దగ్గర జవాబు ఎప్పటినుంచో తయారుగా ఉంది, అదే బయటికి వస్తుంది, దాన్ని విన్నాక ఇద్దరికీ ఏడుపు తప్ప మిగిలేదేమీ ఉండదు. "మొదటిసారి ఎంత తీశావు? ఆ రోజు ఏ వారం? సాయంత్రం ఇంటికొచ్చి ఏం తిన్నావు?" అని అడగండి. మొదట్లో "అలా జరిగిపోయింది" అనే అంటారు. కోప్పడకండి, పక్క వారం మళ్లీ అడగండి. "తీశాను" అన్న మాట నోట్లోంచి రావడానికి మా దగ్గర నాలుగైదు నెలలు పట్టేది. కొంతమంది ఆ మాట అనకుండానే శిక్ష పూర్తిచేసుకుని వెళ్లిపోయారు.